సబ్బుతో తోమిన మాతే బుర్ర

పోయిన వారం కథలో నన్ను నేను వంటింటి గుమ్మంలో, సమాధుల తోట నుంచి వచ్చిన నల్ల బట్టలతోనే, గొంతు చించుకుని అరుస్తూ ఉండగా వదిలేశాను. "అంత కేక పెట్టింది, ఇంట్లో శవం గాని ఉందా?" అని వీధిలో అడిగారట. శవమైతే కనీసం నలుగురూ వచ్చి ఓదార్చేవారు. ఇది అంతకంటే ఘోరం.

కొత్తగా వింటున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. నేను నిల్దా స్కర్పోనీని. రొసారియో ఊళ్ళో మెడికల్ కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలో, మా అమ్మ వదిలిపోయిన పాత ఇంట్లో ఉంటాను. మా ఆయన రొహేలియో పోయినప్పటి నుంచి వాకిలి చుట్టూ ఉన్న గదులు చదువుకునే పిల్లలకి అద్దెకిస్తున్నాను. ఓ శుక్రవారం, కుండపోత వానలో, బ్రెజిల్ ఉత్తరపు కొస నుంచి బస్సు మీద బస్సు మారుతూ ఒక పిల్ల వచ్చి నా గుమ్మంలో నిలబడింది. పేరు జుసారా. డాక్టరీ చదువుతుందట. బ్రెజిల్ వాళ్ళకి గదివ్వనని నేను బోర్డు పెట్టలేదు గాని, నా ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ పిల్లకి తెలియలేదు. వెనక గది ఖాళీగా ఉంది, బయట వాన దంచుతోంది. "సోమవారం దాకా ఉండు. నచ్చితే ఉంచుతాను, నచ్చకపోతే నీ దారి నీది" అన్నాను.

నచ్చలేదు. ఎలా నచ్చుతుంది? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్నానం. గీజరు నా ప్రాణంలాగే ఆయాసపడుతోంది. నేను వేయించి పెట్టిన మాంసం ముక్కల మీద సంచీలోంచి ఏదో కర్రపెండలం పిండి తీసి గుప్పెడు చల్లుకుంది. మధ్యాహ్నం ఊరు ఊరంతా తలుపులేసుకుని పడుకునే వేళ నా తలుపు తట్టి "దోనా నిల్దా, ఇస్త్రీ పెట్టె ఉందా?" అంది. ఇక రాత్రి భోజనం, ఇంకా ఎండ ఉండగానే! ఏడింటికే పళ్ళెం ముందు కూర్చుంటుంది. పట్టపగలు రాత్రి భోజనం చేసే మనిషిని ఏం నమ్ముతాం?

అయినా ఓర్చుకున్నాను. ఒకటే చెప్పాను: "వంటింట్లో అంటు గిన్నె కనిపించిందో, ఎవరిదని అడగొద్దు. కడుగు." ఈ ఒక్క మాట మాత్రం ఆ పిల్ల తు.చ. తప్పకుండా పాటించింది. దేవుడికి నా మీద ఎంత కసి ఉందో చూడండి.

ఆదివారం పొద్దున రొహేలియోకి పూలు పెట్టి ఇంటికొచ్చాను. వంటింట్లో నిమ్మకాయ సబ్బు వాసన. కిటికీ గట్టు మీద, ఎండలో, రొహేలియో మాతే బుర్ర, మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి గొట్టంతో పీల్చుకునే చిన్న సొరబుర్ర. నా కళ్ళను నేను నమ్మలేదు. నల్లగా నిగనిగలాడే బుర్ర గోధుమరంగు తిరిగి, పాలిపోయి ఉంది. చేతిలోకి తీసుకుంటే తెలిసింది, మూతి నుంచి అడుగుదాకా చీలిపోయిందని.

ఆ బుర్ర పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటికి వచ్చింది. రొహేలియో దాంట్లో తడి ఆకు కూరి, తీసి, చెంచాతో గీకి, మళ్ళీ కూరి, చంటిపిల్లకి చేసినట్టు చేసి మగ్గబెట్టాడు. ఆ తర్వాత పోయేదాకా రోజూ అందులోనే తాగాడు. లోపల పట్టిన ఆ నల్లటి పొరే దాని రుచి, దాని ప్రాణం. వేడినీళ్ళతో తొలిచి నీడలో ఆరబెట్టాలంతే. సబ్బు దాని దరిదాపుల్లోకి రాకూడదని ఇక్కడ పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా తెలుసు. ఆయన పోయాక దాన్ని భోజనాల గదిలో అద్దాల బీరువాలో పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా అందులో తాగలేదు.

నా కేకకి ముందు పరిగెత్తుకొచ్చింది జుసారా. తల తడి. రెండో స్నానం కాబోలు.

"ఎవరు చేశారిది?"

"నేనే కడిగాను, దోనా నిల్దా." పైగా నవ్వు! మెచ్చుకుంటానని చూస్తోంది. "లోపలంతా నల్లగా గారకట్టి ఉంది. స్టీలు పీచుతో తోమితే గాని వదల్లేదు. తర్వాత మరిగే నీళ్ళు పోసి ఎండలో పెట్టాను."

"సబ్బుతోనా?"

"రెండుసార్లు."

అప్పటికి ఫాబియాన్ కూడా వచ్చాడు. వాకిలికి ఎదురు గదిలో ఉంటాడు, నది అవతల ఎంత్రే రియోస్ వాడు, డాక్టరీ మూడో ఏడు. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో తన మాతే లేకుండా వాడు స్నానానికి కూడా వెళ్ళడు. నా చేతిలో బుర్ర చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

"సబ్బుతో తోమావా? మరిగే నీళ్ళు పోశావా? ఓసి నీ దుంప తెగ! రేపు శవాన్ని కోయమంటే దానిక్కూడా స్నానం చేయిస్తావా ఏంటి?"

"నీకెందుకు, నీ పని చూసుకో" అంది ఆ పిల్ల.

"నా పనే. ఇక్కడ మా వాళ్ళకి కుర్చీలు లేక మెట్ల మీద కూర్చుని పాఠాలు వింటున్నాం. మీరు లారీల్లో దిగిపోతారు. ఊరికే చదువు చెబుతారని తెలిస్తే చాలు. ఇదిగో, బుర్రలు కూడా మిగల్చరు."

ఎప్పుడూ వాణ్ణి "నోరుముయ్" అనే నేను ఆ రోజు అనలేదు. నా ఒళ్ళు కుతకుతలాడిపోతోంది. వాడు ఆజ్యం పోస్తుంటే హాయిగానే ఉంది.

"ఇది ఎవరిదో తెలుసా?" అన్నాను.

"మీదనుకున్నాను."

"మా ఆయనది. చచ్చిపోయిన మా ఆయనది."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. "నాకు తెలియదు, దోనా నిల్దా. నిజంగా తెలియదు. తప్పయింది. మా ఊళ్ళో ఇది తాగరు. నేను... నేను కొత్తది కొనిస్తాను."

"కొనిస్తావా? మొగుణ్ణి కూడా కొనిస్తావా?"

ఫాబియాన్ ఫక్కున నవ్వి, నా కళ్ళు చూసి నవ్వు మింగేశాడు.

"పెట్టె సర్దుకో" అన్నాను. "సోమవారం దాకా అక్కర్లేదు. ఇప్పుడే."

"ఈ రోజు ఆదివారం."

"ఆదివారం కూడా వీధులు తెరిచే ఉంటాయి."

"రేపు పొద్దున నా మొదటి క్లాసు, దోనా నిల్దా. మొదటి రోజు కనిపించకపోతే పేరు కొట్టేస్తారు, ఇక వచ్చే ఏడే. నిన్న పొద్దునంతా తిరిగాను. సగం చోట్ల గదుల్లేవు. మిగతా సగంలో నా మాట వినగానే 'బ్రెజిలా?' అని తలుపేశారు. ఈ పెట్టె పట్టుకుని రాత్రి ఎక్కడికి పోను?" అంటూ నా ముందుకొచ్చింది. "నన్ను తిట్టండి. కొట్టినా పడతాను. గది మాత్రం తీసేయకండి."

నా స్థానంలో మీరుంటే కరిగేవారేమో. నేను కరగలేదు. నా చేతిలో చీలిన బుర్ర ఉంది. దాని మూతి మీద రొహేలియో గొట్టం పెట్టి పెట్టి అరిగిన చిన్న గాడి ఉండేది, దాన్ని కూడా తోమేసింది. నాకు ఏడుపొస్తోంది, ఈ పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేదు. అందుకని నోటికి ఏదొస్తే అది అన్నాను.

"డాక్టరువౌతావా నువ్వు? ఏది మురికో ఏది ప్రాణమో తెలియని దానివి! మీ దేశంలో సీటివ్వలేదంటే ఊరికే ఇవ్వలేదు. అక్కడ పనికిరాని సరుకంతా మా మీదకి తోలుతున్నారు. మీ అమ్మ నీకేమీ నేర్పలేదా? ఎదుటివాళ్ళ ఇంట్లో వస్తువు ముట్టుకునే ముందు అడగాలని కూడా నేర్పలేదా?"

జుసారా అంతసేపూ తల దించుకునే ఉంది. ఈ మాటకి ఎత్తింది. ఏడుస్తుందనుకున్నాను. ఆ కళ్ళలో నీళ్ళ చుక్క లేదు.

"మా అమ్మ జోలికి రాకండి" అంది. "మా అమ్మ నేర్పింది. నేను అడిగాను. అడిగే కడిగాను."

"ఎవర్ని అడిగావు? గోడనా?"

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది.

"చూశావా, అబద్ధాలు కూడా" అన్నాను ఫాబియాన్‌తో. అప్పుడు తట్టింది నాకు. "ఏయ్, ఆగు. ఇది బీరువాలో కదా ఉండాలి? అద్దాల తలుపు నువ్వెందుకు తీశావు?"

"నేను తీయలేదు."

ఇద్దరం ఫాబియాన్‌ని చూశాం. వాడు తన మాతేని ఛాతీకి హత్తుకున్నాడు. "నా వైపు చూడకండి, దోనా. నాకు నాది ఉంది. పైగా చచ్చినవాళ్ళ బుర్రలో తాగితే కలలోకి వస్తారని మా నానమ్మ చెప్పింది. నేనిప్పుడే లేచాను, మా అమ్మ మీద ఒట్టు!"

"అయితే ఎవరు? ఎగిరి వచ్చిందా?"

"సాయంత్రం దాకా చెప్పనని మాటిచ్చాను" అంది జుసారా. "కానీ మీరు మా అమ్మని అన్నాక ఇక నేనెవరికీ బాకీ లేను. వినండి. మీరు అటు వెళ్ళారు, ఇటు వీధి తలుపు తాళం తెరుచుకుంది. ఒకావిడ వచ్చింది. తట్టలేదు, పిలవలేదు, సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చింది. 'నిల్దా సమాధుల తోటకి వెళ్ళిందా?' అంది. బీరువా తెరిచి అదే తీసింది. కుర్చీ లాక్కుని నన్నూ కూర్చోమంది. ఆకు పోసి, చెంచాల కొద్దీ పంచదార పోసి, పైన కమలాతొక్క వేసింది. తను తాగి నాకిచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక 'ఇంద, తాగు' అన్నది ఆవిడొక్కతే."

కమలాతొక్క అనగానే బుర్ర బల్ల మీద పెట్టేశాను.

మాతేలో పంచదార, కమలాతొక్క. ఈ ఊళ్ళో చాలామంది వేసుకుంటారు. కానీ నా ఇంటి తాళంచెవి ఉండి వేసుకునేది ఒక్కతే. నా చెల్లెలు ఇర్మా.

రొహేలియోకి షుగరు. చివరి నెలల్లో డాక్టర్లు పంచదార కంట పడనివ్వొద్దన్నారు. నేను కాపలా కాసేదాన్ని. నేను బజారుకి వెళ్ళేసరికి ఇది తగుదునమ్మా అని వచ్చి, ఆయనకి తీపి మాతే కాచి ఇచ్చేది. ఇద్దరూ పిల్లల్లా దాచిపెట్టుకుని తాగేవారు. ఆయన పోయిన రోజు, శవపేటిక పక్కన, ఊరంతా చూస్తుండగా "నువ్వే చంపావు, నీ పంచదారే చంపింది" అని దాన్ని వీధిలోకి నెట్టాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. అమ్మ ఇంటి తాళంచెవి దాని దగ్గర చిన్నప్పటి నుంచీ ఉంది. తాళం మార్చాలనుకుంటూనే ఉన్నాను. అదెంతకీ కాలేదు.

"కడగమన్నది అదేనా?" అన్నాను.

"ఆవిడే. నేను వేడినీళ్ళతో తొలవబోయాను. 'అలా కాదు పిల్లా' అంది. 'సబ్బుతో తోము. స్టీలు పీచు పెట్టి గట్టిగా రుద్దు. మరిగే నీళ్ళు పోసి ఎండలో పెట్టు. మా అక్కకి మెరుస్తుంటే ఇష్టం. చూడగానే నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది' అంది. 'నేనొచ్చానని సాయంత్రం దాకా చెప్పకు, ఆశ్చర్యపోవాలి' అంది. మీకు ఇష్టమవుతుందనే తోమాను. నా గోళ్ళు చూడండి!"

చేతులు నా ముఖం ముందు పెట్టింది. గోళ్ళ చివర్లు ఎర్రగా చిట్లి ఉన్నాయి.

"అది ఎప్పుడు వెళ్ళిపోయింది?" అన్నాను.

"వెళ్ళలేదు. ముందు గదిలోనే ఉంది. మీరన్నవన్నీ వింటూనే ఉంది."

నడవా దాటి ముందు గది తలుపు తోశాను. ఫాబియాన్ నా వెనకే వచ్చాడు, తమాషా తప్పిపోతుందని. ఇర్మా రొహేలియో పడక్కుర్చీలో, చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. చిక్కిపోయింది. తల నెరిసింది, రంగు కూడా వేయడం మానేసింది. కుర్చీ పక్కన రెండు పెట్టెలు, ఒక పూలకుండీ.

"అరవడం అయిందా, అక్కా?" అంది. "గొంతు ఇంకా బానే ఉంది నీకు."

"లే. ఆ కుర్చీలోంచి లే."

"లేస్తాను. నా గదిలో సామాను పెట్టుకోవద్దూ?"

"నీ గదా?"

"వెనక గది. చిన్నప్పుడు నాదే కదా. నా ఇల్లు ఖాళీ చేయించారు, ఉండటానికి చోటివ్వమని చర్చి ఫాదర్ చేత చెప్పించాను. నువ్వేం చెప్పి పంపావు? 'గదులన్నీ నిండాయి' అన్నావు. శుక్రవారం దాకా ఆ గది ఖాళీ. ఆ మాట అబద్ధం కాకూడదని, గుమ్మంలోకి వచ్చిన మొదటి మనిషికి ఇచ్చేశావు. బ్రెజిల్ పిల్లనైనా ఇంట్లో పెట్టుకుంటావు గాని, తోడబుట్టినదాన్ని పెట్టుకోవు. నిన్ను నేనెరగనా?"

అది అబద్ధం చెప్పడం లేదు.

"ఇప్పుడు నీ నోటితో నువ్వే దాన్ని పొమ్మన్నావు" అంది. "ఈ అబ్బాయి సాక్షి. గది ఖాళీ."

"అందుకని రొహేలియో బుర్రని చంపించావా?"

ఇర్మా ముఖంలో నవ్వు పోయింది. "రొహేలియోని చంపినదాన్ని కదా, బుర్ర ఒక లెక్కా?" అంది. "ఆయన అడిగితే ఇచ్చానే. చచ్చిపోతున్నానని ఆయనకి తెలుసే. ఒక్క తీపి గుక్క ఇమ్మని నిన్నడిగితే చెయ్యి మీద కొట్టావు. ఆయన నన్నడిగాడు. నీకు అది కావాలి, ఆ బుర్ర! అద్దాల్లో పెట్టి పూజించడానికి కావాలి. ఆ మనిషి ఏం అడిగాడో మాత్రం అక్కర్లేదు."

దాన్ని కొట్టాలనిపించింది. రొహేలియో చెయ్యి మీద నేను కొట్టిన మాట నిజం. ఆ సంగతి దానికెలా తెలుసు? ఆయనే చెప్పుండాలి. నన్ను గురించి దానికి చెప్పాడు! బుర్ర పోయిన బాధ కంటే అది ఎక్కువ కోసింది.

అప్పుడు నాకొకటే తోచింది. ఇది ఈ ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్నా, ఇక నేను చచ్చేదాకా కదలదు.

"గది ఖాళీ లేదు" అన్నాను. "ఆ పిల్ల ఉంటుంది. రేపు దానికి క్లాసుంది. ఏడాదంతా ఉంటుంది. రోజుకి పది స్నానాలు చేయనీ. నీకు చోటు లేదు. ఏయ్ జుసారా, ఇలా రా! వచ్చి ఈవిడకి చెప్పు!"

ఎవరూ పలకలేదు.

"జుసారా!"

ఫాబియాన్ వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. "మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది, దోనా. పెట్టె లేదు. పక్క సందు తలుపు తీసుంటే గడియ వేసొచ్చాను."

ఇర్మా వంగి, చెప్పులు తొడుక్కుని, ఒక పెట్టె అందుకుంది. తొందరేమీ లేదు దానికి. ఆ పిల్ల కోసం పరిగెత్తితే ఇది గదిలో దిగిపోతుంది. దీన్ని పట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల బస్సెక్కిపోతుంది. నేను ఎప్పుడూ ఆలోచించి పరిగెత్తే మనిషిని కాను. వీధి తలుపు తీసి, ఉన్నదాన్ని ఉన్నట్టే బయటపడ్డాను.

నాలుగు అడుగులు వేశానో లేదో, నా వెనకే వీధి తలుపు మూసుకుంది. ఆ వెంటే లోపలి గొళ్ళెం పడింది.

"ఇర్మా! తలుపు తియ్యి! ఒరేయ్ ఫాబియాన్, నువ్వు తియ్యరా!"

లోపలి నుంచి వాడి గొంతు నసుగుతూ వినిపించింది. "తీస్తాను దోనా, కానీ దోనా ఇర్మా గొళ్ళేనికి అడ్డంగా నిలబడింది. ఆడవాళ్ళని నెట్టమంటారా ఏంటి?"

నా చేతిసంచీ వంటింట్లో ఉంది, తాళంచెవులు అందులో ఉన్నాయి. ఉన్నా లాభం లేదు, గొళ్ళెం పడ్డాక. ఆదివారం వీధి. ప్రతి ఇంటి వాకిట్లోంచీ మాంసం కాలుస్తున్న పొగ, ప్రతి గుమ్మంలోంచీ ఒక తల. అమ్మ ఇంట్లో పుట్టి, అమ్మ ఇంట్లో ముసలిదాన్నైన నేను, నా సొంత తలుపు ముందు నల్ల బట్టల్లో నిలబడి పిడికిళ్ళతో బాదుతున్నాను.

వీధి మూల బస్టాపులో పెట్టె మీద కూర్చుని ఉంది జుసారా. అంతా చూసింది. లేవలేదు, చెయ్యి ఊపలేదు. నేను ఆయాసపడుతూ దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఏం, దోనా నిల్దా? మిమ్మల్నీ పొమ్మన్నారా?"